డాక్టరమ్మకు అడుగుల అరిసెలు

అరిసెలు ఎవరైనా సంతోషంతో వండుతారు. నేను కక్షతో వండాను. పాకం ముదరకుండా, పిండి బిగుసుకోకుండా, నువ్వులు అన్ని వైపులా అంటుకునేలా, పండగ వంటకు కూడా పెట్టనంత శ్రద్ధ పెట్టి వండాను. తినే మనిషికి అవి గొంతులో అడ్డం పడాలని కోరుకుంటూనే, రుచికి మాత్రం వంక పెట్టే వీలు లేకుండా చూసుకున్నాను. స్టీలు డబ్బాకు ఎత్తి, పిల్లను చంకనేసుకుని, వీధి చివర నర్సింగ్ హోమ్‌కు బయల్దేరాను.

అసలు సంగతి మొదటి నుంచి చెప్తాను. అప్పుడు మేం మాదాపూర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. హైటెక్ సిటీ అంటే గుండ్రటి పెద్ద భవనం ఒక్కటే, అదీ ఇంకా పరంజాల మధ్య లేస్తూ ఉంది. మా ఆయన అక్కడ సెంట్రింగ్ పనులకు సూపర్‌వైజర్. పెళ్లయిన ఏడాదే కడప నుంచి వచ్చేశాం. పొద్దున బండలు పేల్చే చప్పుడు, సాయంత్రం నీళ్ల ట్యాంకర్ దగ్గర గొడవ, మధ్యలో రోజంతా దుమ్ము. ఆ దుమ్ములో తెల్లగా, శుభ్రంగా కనిపించేది ఆ నర్సింగ్ హోమ్ ఒక్కటే. దాన్ని నడిపే డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. గొంతు లేపేది కాదు. ప్రతి మాటకూ అమ్మా, అండీ అని తగిలించి తీయగా మాట్లాడేది. కడుపుతో ఉన్నప్పుడు నెలనెలా ఆవిడకే చూపించుకున్నాను.

నాకు ఏడో నెల నడుస్తుండగా అక్కడికి ఇంక్యుబేటర్ వచ్చింది. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే అద్దాల పెట్టె. కొత్త లారీకి చేసినట్టే దానికీ పూజ చేశారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, వీధి మొత్తానికి పులిహోర పంచారు. వచ్చేపోయేవాళ్ల కంట పడేలా ముందు గదిలోనే ఓ పక్క దానికి చోటిచ్చారు. నేనూ వెళ్లి చూసి, పులిహోర తిని వచ్చాను.

అందులో పడుకున్న మొదటి పిల్ల నా పిల్లే. కడుపులో ఇద్దరున్నారని ముందే తెలుసు గానీ, ఎనిమిదో నెల రాకముందే వచ్చేస్తారని ఎవరూ అనుకోలేదు. ఇద్దరూ ఆడపిల్లలు. ముందు పుట్టినదాన్ని పెద్దది అనుకున్నాం, తరవాతి దాన్ని చిన్నది. చిన్నది నిజంగానే చిన్నది. అరచేతిలో పట్టేంత పిల్ల. ఏడ్చే శక్తి కూడా లేక నోరు మాత్రం తెరిచేది. పెద్దది దానికంటే కాస్త నయం. కాన్పుకని కడప నుంచి వచ్చిన మా అమ్మ ఇద్దర్నీ చూసి, పెద్దదాన్నే చాలాసేపు చూసింది. చిన్నదాన్ని చూడాలంటే ఆమెకు భయం వేసింది.

డాక్టరమ్మ మా ఆయన్ను గుమ్మం దగ్గరకు పిలిచి మాట్లాడింది. నేను మంచం మీద నుంచి అంతా విన్నాను.

"పెద్దది మన పెట్టెలో చక్కగా వచ్చేస్తుందండి. దాని గురించి దిగులు పడకండి. చిన్నదాని మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. సర్కారు ఆసుపత్రికి పంపించేద్దాం. ఇక్కడ పోతే మీకూ బాధ, మాకూ బాధ."

మా ఆయన తలూపాడు. ఆ రోజుల్లో మాలాంటి వాళ్లందరికీ ఒకటే లెక్క. బతికే పిల్లకు నర్సింగ్ హోమ్, బతకని పిల్లకు సర్కారు దవాఖాన. చేతిలో కాస్త ఉన్నవాళ్లెవరూ సర్కారు దవాఖాన మెట్లు ఎక్కేవాళ్లు కాదు. ఎక్కితే నామోషీ. పారేయడానికి ఒక పిల్లను విడిగా పెట్టినట్టు నాకు అనిపించింది. ఒళ్లు మండిపోయింది. ఏ పిల్లను పంపిస్తే ఆ పిల్లతో నేనూ పోతానని లేచి కూర్చున్నాను. పచ్చి బాలింతవు, ఎట్లా పోతావని అమ్మ ఏడ్చింది. డాక్టరమ్మ వద్దని తీయగా చెప్పి చూసింది. నేను చెప్పులు వెతుక్కున్నాను.

చిన్నదాన్ని ఎత్తుకుని నేను బయటికి నడుస్తుంటే ముందు గదిలో ఫ్లాష్ వెలిగింది. స్టూడియో అతన్ని పిలిపించి, పెట్టెలో ఉన్న పెద్దదాన్ని ఫోటో తీయిస్తున్నారు. డాక్టరమ్మ పెట్టె మీద చేయి వేసి నిలబడింది. మొదటి పిల్ల కదా. మా ఆయన మొహంలో కూడా ఓ మూల సంతోషం కనిపించింది. ఆ సంతోషాన్ని నేను ఆయనకు ఇప్పటికీ క్షమించలేదు.

సర్కారు దవాఖాన నగరం నడిబొడ్డున. అమ్మను, మా ఆయన్ను పెద్దదాని దగ్గరే ఉంచి ఆటోలో వచ్చి దిగేసరికి వరండా నిండా చాపలు, చాపల నిండా బాలింతలు, ఎక్కడ చూసినా ఫినాయిల్ వాసన, మంచాల కింద పిల్లులు. డాక్టరమ్మ చెప్పింది నిజమే కాబోలు అనుకున్నాను. కానీ లోపల పిల్లల వార్డులో పద్ధతి వేరుగా ఉంది. హీటర్ కింద ముగ్గురేసి పిల్లలను వరసగా పడుకోబెట్టారు, నిజమే. కానీ ఆ పిల్లల మీద నుంచి ఎవరో ఒకరి కళ్లు పక్కకు పోయేవి కావు. ముక్కులో సన్నటి గొట్టం వేసి నా పాలే పిండి చుక్కచుక్కగా పోశారు. హీటర్ దగ్గర చోటు లేనప్పుడు సిస్టరమ్మ పిల్లను తెచ్చి నా జాకెట్ లోపల, రొమ్ముల మధ్య నిలువుగా పెట్టి, కొంగుతో కట్టేసింది.

"ఇగ దీన్ని దించకు బిడ్డా. నీ ఒంటి వేడే దానికి మందు. చల్లవడ్డదా, మల్ల మన చేతుల లేదు," అంది.

అక్కడి డాక్టరు కవలలని విని మొదట అడిగింది ఒకటే మాట. "రెండో పిల్ల ఏది?"

పెద్దది బాగానే ఉందని, దాని బరువు ఇంత అని చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపాడు.

"అది కూడా తక్కువ బరువేనమ్మా. ఇలాంటి పిల్లలకు ఒక్క పెట్టె ఉంటే చాలదు. పక్కన తెలిసిన మనుషులుండాలి. ఇప్పుడే తెప్పించండి."

పక్క చాప ఆమె మరిదిని బతిమాలి ఎస్టీడీ బూత్ నుంచి నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేయించాను. కబురు చేరింది. చేరలేదని నేను ఎన్నడూ అనుకోలేదు, ఎందుకంటే డాక్టరమ్మ ఇచ్చిన జవాబు కూడా నాకు చేరింది. పిల్ల పాలు తాగుతోందట, మంచి రంగులో ఉందట, ఇప్పుడు కదిలిస్తేనే ప్రమాదమట, సర్కారు వాళ్లు అలాగే భయపెడతారట. మా ఆయన, అమ్మ ఆ మాట నమ్మారు. అద్దాల పెట్టె, బంతిపూలు, తీయటి గొంతు ఒక వైపు. చాపలు, పిల్లులు ఇంకో వైపు. ఎవరైనా అద్దాల పెట్టెనే నమ్ముతారు.

మర్నాడు సాయంత్రం మాదాపూర్‌లో కరెంటు పోయింది. పోవడం వింతేమీ కాదు, వానాకాలం. నర్సింగ్ హోమ్ జనరేటర్ మోగింది. ఆపరేషన్ గదిలో లైటు వెలిగింది, డాక్టరమ్మ గదిలో ఏసీ తిరిగింది. పెట్టె మాత్రం ఆరిపోయింది. దానికి జనరేటర్ లైను కలపలేదు. పూజ గుర్తుంది గానీ అది గుర్తులేదు. మా అమ్మ పెట్టె పక్కనే కూర్చుని ఉంది. పిల్లను తీసి ఇమ్మని అడిగిందట. పెట్టె తెరవకూడదు, కరెంటు వచ్చేస్తుంది, కూర్చోండమ్మా అన్నారట. అమ్మ కూర్చుంది. కరెంటు చాలాసేపటికి గానీ రాలేదు. అప్పటికే పిల్ల కాళ్లు నీలం తిరిగాయి. అప్పుడు కూడా డాక్టరమ్మ గొంతు లేవలేదు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి, ఆలస్యం చేయకండి అందట.

తువ్వాలులో చుట్టి, అమ్మను వెంటబెట్టుకుని మా ఆయన ఆటోలో తెచ్చాడు. ఏ వార్డు నుంచి పిలుపు వెళ్లిందో ఆ వార్డు గుమ్మానికే తెచ్చాడు. డాక్టరు తువ్వాలు విప్పి, గుండె మీద స్టెతస్కోపు పెట్టి, తీయకుండా చాలాసేపు ఉంచాడు. తీశాక నా వైపు చూడలేదు. మా అమ్మ ఆ పిల్లను తెచ్చి నా ముందు పట్టుకుంది, ఒకసారి ఎత్తుకోమని.

నేను ఎత్తుకోలేదు. నా గుండెల మీద చిన్నది ఉంది. దాన్ని దించితే అదీ చల్లబడుతుంది. చేయి చాచి పెద్దదాని బుగ్గ ముట్టుకున్నాను. అంతే. దాన్ని నేను ఒళ్లోకి తీసుకోకుండానే తీసుకుపోయారు. ఏడిస్తే ఛాతీ ఎగిరిపడి చిన్నది కదులుతుందని ఏడవడం కూడా ఆపుకున్నాను. ఆపుకున్న ఆ ఏడుపే కక్షగా మారింది. లేకపోతే అంత కక్ష ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

చిన్నది బతికింది. ఆశ పెట్టుకోవద్దన్న పిల్ల, పారేసిన పిల్ల, బతికి బుగ్గలు పెట్టుకుని ఇంటికొచ్చింది. మా ఆయన ఒకరోజు నర్సింగ్ హోమ్‌కు వెళ్లి అరిచాడు. వాళ్లు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, దేవుడు మన చేతిలో లేడు కదండీ అన్నారు. ఇంటికొచ్చి, "పోనీలే, ఒకటన్నా దక్కింది," అన్నాడు. ఆ పోనీలే అన్న మాట విన్నప్పుడల్లా నాకు కళ్లలో కారం కొట్టినట్టుండేది. కోర్టుకు పోయే తెలివీ ఓపికా మాకు లేవు. మరి నా దగ్గర ఏముంది? వంటిల్లు ఉంది, బతికిన పిల్ల ఉంది.

పిల్ల ఒక్కో ముచ్చట తీరుస్తుంటే ఒక్కో పిండివంట చేసి పంచడం మనలో ఉన్నదే. కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. చుట్టుపక్కల ఇళ్లకు పంచుతారు. నేను మొదట ఆ నర్సింగ్ హోమ్‌లో పంచాలని నిశ్చయించుకున్నాను. పిల్ల పేరు చెప్పి తెచ్చిన పిండివంటను ఎంత డాక్టరైనా వద్దనలేదు. శుభమా అని తెస్తే గెంటేశారని పదిమందీ అనుకుంటారు. కాన్పయ్యాక మా దగ్గరే ఉండిపోయిన అమ్మకు నా ఆలోచన చెబితే తల పట్టుకుంది. చేయనంటే చేయనంది.

చిన్నది అందరు పిల్లల కంటే ఆలస్యంగా కూర్చుంది. కుడుములు నేనే వండుకుని వెళ్లాను. కడుపుతో ఉన్నవాళ్లకు చూసే రోజు అది. ముందు గది నిండా ఆడవాళ్లు. వాళ్ల ముందు, నువ్వు వద్దన్న పిల్ల ఇదిగో అని డాక్టరమ్మ మొహాన చెప్పాలని మాటలు కూడబలుక్కుని వెళ్లాను. గుమ్మంలో అడుగుపెట్టి తలెత్తితే, ఎదుటి గోడ మీద నా పెద్దది ఉంది.

ఆ రోజు తీసిన ఫోటో. పెద్దది చేయించి, చట్రం కట్టించి, మేకుకు తగిలించారు. పెట్టె, బంతిపూల దండ, పెట్టెలో నా పిల్ల, పక్కన డాక్టరమ్మ. కింద రంగు అక్షరాలతో 'మా చిన్నారి' అని రాయించారు. మా ఇంట్లో దాని ఫోటో ఒక్కటి లేదు. దాని మొహం నాకు మసకబారుతూ ఉండింది కూడా. అది ఇక్కడ ఉంది, గిరాకీ కోసం.

నా నోరు పెగలకముందే డాక్టరమ్మ వచ్చి నా చంకలోంచి చిన్నదాన్ని అందుకుంది. గదిలోని ఆడవాళ్ల వైపు తిప్పి చూపించింది.

"ఆ ఫోటోలో పాప ఇదేనమ్మా. మన పెట్టెలో పెరిగిన పిల్ల. చూడండి ఎంత బాగా వచ్చిందో."

కవలలు కదా, పోలిక సరిగ్గా సరిపోయింది. ఆడవాళ్లు మురిసిపోయారు. ఒకామె పిల్ల మొహాన చేతులు తిప్పి మెటికలు విరిచింది. నేను మింగలేక కక్కలేక నిలబడి, కుడుముల డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేశాను. డాక్టరమ్మ ఒక్కటీ నోట పెట్టలేదు. డబ్బా తీసి ఆయాకు ఇచ్చేసింది. అది కూడా చూశాను.

ఇంటికి వచ్చి అమ్మకు ఫోటో సంగతి చెప్పాను. ఆ పెట్టె పక్కన చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషి ఆమె. "అడుగులేసినప్పుడు చెప్పు. బియ్యం నేను నానబెడతా," అంది.

అలా వండినవే ఆ అరిసెలు. పిండి అమ్మ దంచింది, పాకం నేను పట్టాను. ఈసారి అమ్మ కూడా వెంట వచ్చింది. ఈసారి నేను డాక్టరమ్మ కోసం చూడలేదు. డబ్బా మూత తీసి, వరసగా కూర్చున్న ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అరిసె పెడుతూ, ఒక్కొక్కరికీ మెల్లగా చెప్పుకుంటూ పోయాను. గొంతు లేపకుండా చెప్పడం డాక్టరమ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఈ పిల్ల అడుగులేసింది, తినండి. ఆ ఫోటోలో ఉన్నది ఇది కాదు, దీని అక్క. అది ఈ పెట్టెలోనే చల్లబడి పోయింది. ఇది సర్కారు దవాఖానలో నా గుండెల మీద బతికింది. తినండి, బెల్లం బాగా కుదిరింది.

నిండు కడుపుతో ఉన్న ఒకామె అరిసె చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"నాకు గూడ ఇద్దరే అన్నరక్కా. నేనేడికి పోవాలె మరి?"

ఎక్కడికి పోవాలో, ఏ గుమ్మంలో అడగాలో, పిల్లను ఎలా పట్టుకుని పోవాలో కూర్చుని చెప్పాను. ఆమె లేచి చెప్పులు వేసుకుంది. ఆమె వెనక ఇంకొకామె లేచింది. నా జీవితంలో అంత తృప్తిగా నేను ఏ పనీ చేయలేదు.

డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిపించింది. ఈసారి అమ్మా అనలేదు. మీకేం కావాలని సూటిగా అడిగింది. నేను చెప్పేలోపే, బయటికి వెళ్లి మేకు మీద నుంచి ఫోటో దించి తెచ్చి, బల్ల మీద పెట్టింది. తీసుకెళ్లండి, ఇక్కడికి ఇంకెప్పుడూ రాకండి అంది.

అమ్మ రెండు చేతులా అందుకుంది. కొంగుతో అద్దం తుడిచింది. "ఇంటికి తీస్కపోదాంలేమ్మా. ఇంగ చాలు. దాని మొగమన్నా మనకాడ ఉంటాది," అంది. ఆ ఫోటో కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని. కానీ అది ఇంటికొస్తే ఆ గోడ శుభ్రమైపోతుంది. చూపించడానికి నాకేమీ మిగలదు. నేను అమ్మ చేతుల్లోంచి ఫోటో తీసుకుని, ముందు గదిలోకి నడిచి, అందరూ చూస్తుండగా అదే మేకుకు తగిలించాను. చట్రం వంకరగా ఉంటే సరిచేశాను కూడా. డాక్టరమ్మ వైపు తిరిగి, మాటలు వచ్చినప్పుడు చిలకలు తెస్తానని చెప్పాను. అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ తరవాత కూరగాయలకు పోతూ, పాలకు పోతూ, ఆ గుమ్మం ముందు ఆగడం అలవాటు చేసుకున్నాను. పిల్ల వేలు పట్టి గోడ వైపు చూపించి, అక్క అని చెప్పేదాన్ని. అది ఫోటో చూసి నవ్వేది. నేను లోపలికి పోయేదాన్ని కాదు. రిసెప్షన్‌లో అమ్మాయి తల దించుకునేది.

చిన్నదానికి మాటలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. ముందు అమ్మ అంది, తరవాత తాత అంది. చిలకలు కొనడానికి బేగంబజార్ దాకా వెళ్లాను. గులాబి, తెలుపు, పసుపు రంగుల్లో, ముక్కు విరగనివి ఏరి తెచ్చాను. కడుపుతో ఉన్నవాళ్లు చూపించుకునే రోజు దాకా ఆ గుమ్మం వైపే పోకుండా ఆగి, ఆ రోజు ముందు గదిలోకి అడుగుపెట్టాను. గోడకు కొత్త రంగు వేశారు. ఫోటో లేదు. దాని పక్కన అద్దాల పెట్టె కూడా లేదు. రంగు వేసినవాడు మేకు పీకలేదు. అది మాత్రం ఉంది.

రిసెప్షన్ అమ్మాయి నా దగ్గరకు వచ్చి గుసగుసగా చెప్పింది. పెట్టె అమ్మేశారట. ఇప్పుడు బరువు తక్కువ పిల్లలు పుడితే, తల్లితో సహా అదే పూట పెద్ద దవాఖానకు పంపించేస్తున్నారట. మంచి బుద్ధి పుట్టి కాదు, నాకు భయపడి. ఆ మాట విని నా కడుపు చల్లబడింది. దయతో చేసిన పని రేపు మర్చిపోతారు. భయంతో చేసిన పని మర్చిపోరు.

డాక్టరమ్మ గదిలోంచి వచ్చింది. ఫోటో ఎక్కడుందని అడిగాను. "రంగులు వేసేటప్పుడు పారేశారమ్మా," అంది, తీయగానే. గొంతులో కాస్త సంతోషం కూడా ఉంది. అమ్మ కొంగుతో తుడిచిన అద్దం గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లి అమ్మకు ఏం చెప్పాలి? ఈ లోకంలో నా పెద్దదాని మొహం ఇంకెక్కడా లేదు. గోడకు ఆనుకున్నాను. ఆవిడ గెలిచిందనే అనుకున్నాను.

అప్పుడు చంకలో చిన్నది మేకు వైపు వేలు చాచింది.

"అక్క," అంది.

ఎవరూ పలకలేదని మళ్లీ, ఇంకా గట్టిగా అంది. గదిలో కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారి గోడ వైపు చూశారు. ఉత్త గోడ, ఒక మేకు. ఒక పెద్దామె, "ఏందమ్మా, అక్క ఏది? ఆడ ఎవ్వరు లేరు గద," అంది. నేను నిటారుగా నిలబడి, డాక్టరమ్మ వినేలా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. పిల్ల వేలు దించలేదు.

చెప్పడం అయ్యాక డబ్బా మూత తీసి, ఒక చిలకను ఏరి డాక్టరమ్మ ముందుకు చాపాను. ఆవిడ అలవాటుగా తీసుకుని బల్ల మీద పెట్టబోయింది.

"పిల్లకు మాటలొచ్చాయి డాక్టరమ్మా," అన్నాను. "నోట్లో వేసుకోండి."

అందరూ చూస్తున్నారు. ఆవిడ వేసుకుంది. పంచదార చిలక తొందరగా కరగదు. అది కరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.